కుర్చీ దిగడం తెలిసిన ఇల్లూరు రైతు

పొలం దున్నుకుంటున్న సిన్సినాటస్‌ను రోమ్ నగరం పిలిపించి సర్వాధికారాలూ అప్పగించిందట. క్రీస్తుపూర్వం 458 నాటి మాట అది. యుద్ధం గెలిచి, పదహారు రోజులకే ఆ అధికారం వదిలేసి, ఆయన మళ్లీ మడక పట్టాడని ప్రాచీన చరిత్రకారులు రాశారు. ఆ కథ చదివినప్పుడల్లా నాకు అనంతపురం జిల్లా ఇల్లూరు గుర్తుకొస్తుంది.

నీలం సంజీవరెడ్డి గారు 1913 మే 19న పుట్టిన ఊరది. 1929లో గాంధీజీ అనంతపురం వచ్చి వెళ్లాక ఆయన చదువు మానేసి ఉద్యమంలో దిగారు. ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి, కాంగ్రెస్ అధ్యక్షుడు, కేంద్రమంత్రి, స్పీకర్, రాష్ట్రపతి. ఈ పదవులన్నీ బడిపిల్లలకూ తెలుసు. వాటిని ఆయన వదిలిన తీరే నాకు గొప్పగా తోస్తుంది.

కర్నూలు బస్సు రూట్ల జాతీయకరణ కేసులో సుప్రీంకోర్టు ఆయన్ను తప్పుపట్టింది. దాంతో 1964 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేశారు. 1967లో స్పీకర్ కాగానే కాంగ్రెస్ సభ్యత్వం వదులుకున్నారు. సభాపతి ఏ పార్టీ మనిషీ కాకూడదని ఆయన నమ్మకం.

1969లో స్పీకర్ పదవీ వదిలి, కాంగ్రెస్ అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికకు నిలబడ్డారు. సొంత పార్టీ ప్రధాని ఇందిరాగాంధీ ఏమో అంతరాత్మ చెప్పినట్టు ఓటేయమన్నారు. చివరి లెక్కలో ప్రత్యర్థి వి.వి.గిరికి 4,20,077, ఈయనకు 4,05,427. సొంతవాళ్ల చేతిలోనే ఓడి, అనంతపురం వచ్చి సేద్యం చేసుకున్నారు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన, అదీ అదనుకు పడుతుందన్న భరోసా లేని నేల. అక్కడ సేద్యానికి దిగడం పెద్దమనిషి కాలక్షేపం కాదు.

1977లో రాష్ట్రంలోని 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెస్‌వి. మిగిలిన ఒక్క నంద్యాల సంజీవరెడ్డిది. ఆ ఏడాదే పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. 1979లో జగ్జీవన్‌రామ్‌కు ప్రభుత్వం ఏర్పాటు చేసే అవకాశం ఇవ్వకుండా లోక్‌సభ రద్దు చేయడం మాత్రం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. ఆయన మీద ఎంత అభిమానం ఉన్నా ఆ మాట దాచకూడదు.

1982లో పదవీకాలం ముగియగానే మళ్లీ అనంతపురమే చేరారు. 1996 జూన్ 1న బెంగళూరులో కన్నుమూశారు.

ఆయన ముఖ్యమంత్రిగా ఉండగానే, 1963లో శ్రీశైలం ప్రాజెక్టుకు నెహ్రూ శంకుస్థాపన చేశారు. ఆ జలాశయానికి ఇప్పుడు నీలం సంజీవరెడ్డి సాగర్ అని పేరు. హంద్రీ-నీవా కాలువలో అనంతపురం జిల్లాకు వచ్చే కృష్ణా నీళ్లు అందులోంచి ఎత్తిపోసినవే.