శ్రీకృష్ణదేవరాయల పరరాష్ట్రనీతి

నెల్లూరు మండలపు పడమటి సీమయందు, సుమారు మూడువేల అడుగుల ఎత్తుగల కొండపై, శిథిలమైన బురుజులతో ఉదయగిరి దుర్గము నేటికిని నిలిచియున్నది. ఇరుగుపొరుగు రాజ్యములతో ఎట్లు వర్తింపవలెనను ప్రశ్నకు శ్రీకృష్ణదేవరాయలు తన తొలి గొప్ప సమాధానమును ఈ కొండ పాదముననే వెదకికొనెను.

తుళువ నరస నాయకునకు, నాగలాంబకు జన్మించిన రాయలు, అన్నయగు వీరనరసింహుని అనంతరము 1509లో విజయనగర సింహాసనమెక్కెను. అప్పటికి రాజ్యము మూడు దిక్కుల నుండి ఒత్తిడికి లోనైయుండెను. ఉత్తరమున బీజాపురము మొదలగు సుల్తానుల రాజ్యములు; తూర్పున ఉదయగిరి, కొండవీడు దుర్గములను చేతబట్టి కూర్చున్న గజపతులు; పడమటి తీరమున, 1510లో గోవాను పట్టుకొన్న పోర్చుగీసువారు. మువ్వురితోను ఒక్కమారు పోరుట వివేకము కాదు. ఎవరితో సంధి, ఎవరితో విగ్రహము, ఎవరితో వేచియుండుట అను విషయమును నిర్ణయించుటయే రాజనీతి. ఆ విచారమున రాయలకు కుడిభుజమై నిలిచినవాడు మహామంత్రి సాళువ తిమ్మరుసు.

సాళువ నరసింహరాయలు అవసానకాలమున రాయచూరు, ఉదయగిరి, కొండవీడు అను మూడు దుర్గములను తిరిగి సాధింపవలసినదని ఆదేశించినట్లు పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ వ్రాసెను. ఆ బాకీని తీర్చుటకై రాయలు 1513లో ఉదయగిరిని ముట్టడించెను. కొండ నిటారైనది, త్రోవ ఇరుకైనది. బండలను పగులగొట్టించి, గుట్టలమీదుగా క్రొత్త బాటలు వేయించి, సేనలను పైకి నడిపించెను. దీర్ఘమైన ముట్టడి పిమ్మట 1514లో దుర్గము వశమయ్యెను. ప్రతాపరుద్ర గజపతి పినతండ్రియగు తిరుమల రాఘవరాయడు బందీయయ్యెను. ఉదయగిరి నుండి తరలించిన బాలకృష్ణుని విగ్రహమునకు రాయలు తన రాజధానియందు ఆలయము కట్టించి, 1515లో ప్రతిష్ఠ జరిపించెను.

అదే సంవత్సరమున కొండవీడు పడిపోయెను. తరువాత కొండపల్లి, రాజమహేంద్రవరము లొంగెను. 1516లో రాయలు సింహాచలమును దర్శించెను. విజయము సంపూర్ణమైన ఈ ఘట్టముననే ఆయన దూరదృష్టి వెల్లడియైనది. కృష్ణానదికి ఉత్తరమున తాను గెలిచిన భూమిని గజపతికి తిరిగి యిచ్చి, ఆయన కుమార్తెను పరిణయమాడి, సంధి చేసికొనెను. అంత దూరపు సీమను నిలుపుకొనుటకు వలయు సేన, ధనము ఉత్తరపు సరిహద్దునకే అవసరమని ఆయన ఎరిగియుండెను. ఓడినవాని ఉనికిని మన్నించుటచే తూర్పు దిక్కు నిశ్చింతయయ్యెను.

ఆ శాంతి ఫలము ఉదయగిరి సీమకును దక్కెను. దుర్గాధిపతియై వచ్చిన రాయసం కొండమరుసు ఆత్మకూరు చేరువనున్న అనంతసాగరము చెరువును నిర్మించెను. సరిహద్దు కోట పాలనాస్థానమైన పిమ్మట రాతిని పగులగొట్టిన చేతులకు మట్టికట్టల పని దొరకెను. పరరాష్ట్రనీతి సఫలమైనదో లేదో తెలిసికొనుటకు రైతు పొలమును మించిన గీటురాయి లేదు.

పడమటి దిక్కున సమస్య వేరు. ఆనాటి యుద్ధములకు గుఱ్ఱము ప్రాణము. మేలుజాతి గుఱ్ఱములు అరేబియా, పారశీక దేశములనుండి ఓడలపై రావలెను. ఆ సముద్రమార్గము పోర్చుగీసువారి చేతిలోనికి పోయెను. అల్బుకెర్కు 1510లో విజయనగరమునకు దూతను పంపెను. గుఱ్ఱములు తనకు మాత్రమే అమ్మవలెనని రాయల కోరిక. అల్బుకెర్కు మాత్రము బీజాపురముతోను బేరమాడుచు, ఇరువురికిని ఆశచూపుచు కాలము గడిపెను. నేడు చమురు కొరకు, సూక్ష్మయంత్రముల కొరకు రాజ్యములు పడుచున్న పాట్లు ఆనాడు గుఱ్ఱముల కొరకు పడినవే. ఈ అనుభవపు సారమును రాయలు తన ఆముక్తమాల్యదలోని రాజనీతి ఘట్టమున పొందుపరచెను: రేవులను బాగుచేయవలెను, ఏనుగులను, గుఱ్ఱములను తెచ్చు దూరద్వీపముల వర్తకులకు ఊళ్లు, మేడలు, మన్నన, తగిన లాభము కల్పించి, ఆ సరకు పగవారికి చేరకుండ చూడవలెను, విపత్తు పాలై తన తీరము చేరిన పరదేశీయులను ఆదరింపవలెను, పగవాని కోట పట్టినపుడు అందలి స్త్రీలను పుట్టింటివలె చూడవలెను.

అయితే తాను వ్రాసిన నీతిని, తూర్పున తాను పాటించిన నిగ్రహమును రాయలు ఉత్తరమున పాటింపజాలకపోయెను. 1520లో రాయచూరు వద్ద బీజాపుర సుల్తానగు ఇస్మాయిలు ఆదిల్ షాను ఓడించి, పోర్చుగీసు తుపాకిగాండ్ర తోడ్పాటుతో కోటను పట్టుకొనెను. సంధి కోరి వచ్చిన దూతతో, సుల్తాను స్వయముగా వచ్చి తన పాదమును ముద్దిడవలెనని షరతు పెట్టినట్లు నూనిజ్ కథనము. సుల్తాను రాలేదు, రాయల సేన బీజాపురము చొచ్చి నగరమును పాడుచేసెను. పిమ్మట గుల్బర్గాయందు బందీలైయున్న బహమనీ రాకుమారులను విడిపించి, పెద్దవానిని సుల్తానుగా ప్రకటించెను. ఇది తమలో తాము పోరాడుచున్న సుల్తానులందరికిని విజయనగరముపై శంక కలిగించు చర్య. గజపతికి దక్కిన మర్యాద ఆదిల్ షాకు దక్కలేదు.

రాయల కడపటి దినములు విషాదమయములు. బాల్యముననే యువరాజుగా పట్టము కట్టిన కుమారుడు తిరుమలుడు మరణించెను. ఆ మరణమునకు కారకుడను అనుమానముతో తిమ్మరుసును రాయలు అంధుని గావించి చెఱయందుంచెనని నూనిజ్ వ్రాసెను. 1529లో రాయలు కీర్తిశేషుడయ్యెను. 1565లో దక్కను సుల్తానులు ఏకమై రక్కసి-తంగడి యుద్ధమున విజయనగరమును కూల్చిరి. ఆ పతనమునకు అళియ రామరాయల నాటి నీతియే సమీపకారణమైనను, అవమానముతో రగిలిన వైరము అంతకు పూర్వమునుండియు ఉన్నదే.

1919లో వర్సే సంధియందు విజేతలు జర్మనీపై మోపిన షరతులు శాంతికి దోహదము చేసెనా, మరియొక యుద్ధమునకు బీజము వేసెనా యను చర్చ నేటికిని చరిత్రకారులలో సాగుచునేయున్నది. ఆ చర్చకు వలసిన రెండు ఉదాహరణములును తెలుగువారి చరిత్రయందే, ఒకే రాజు జీవితమున, పక్కపక్కనే కలవు. గెలిచిన నేలను తిరిగి యిచ్చినచోట రాయలకు స్నేహము దక్కెను; గెలిచిన పిమ్మట తల వంపగోరినచోట పగ మిగిలెను.