ఒకటీ సున్నా మిగిల్చిన బూల్ మాస్టారు

మొన్న సంక్రాంతి సెలవులకి మా పెద్దమ్మాయి హాస్టల్ నుంచి వడమాలపేటకి వచ్చింది. బస్సు దిగినప్పటినుంచీ ముఖం ముడుచుకునే ఉంది. ముగ్గుల దగ్గరికి రాలేదు, అరిసె ముట్టలేదు. రాత్రి మెల్లగా కదిపితే సంగతి బయటపడింది. ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో డిస్క్రీట్ మ్యాథమెటిక్స్ పేపరు తప్పిందట. కంప్యూటర్ చదువు తనకి అబ్బదనీ, మానేస్తాననీ ఏడ్చింది. మా అత్తయ్య వెంటనే, చదివింది చాలు, సంబంధాలు చూడమంది. ఎముక విరిగితే పక్కనే పుత్తూరు ఉంది, కట్టు కట్టించుకు రావచ్చు. పిల్ల మనసు విరిగితే ఎక్కడికి తీసుకెళ్ళను?

నేను చదివింది బి.ఏ. తెలుగు. అయినా దాని పుస్తకం తెరిచి చూశాను. మొదట్లోనే ట్రూత్ టేబుల్ అని ఒక పట్టిక. మూడు మాటలుంటే, ఒక్కొక్కటీ నిజమన్నా కావాలి, అబద్ధమన్నా కావాలి. మొత్తం ఎనిమిది వరసలు. నాకు నవ్వొచ్చింది. ఇది మన ఛందస్సు లెక్కే కదా! మూడు అక్షరాలు, ఒక్కొక్కటీ గురువో లఘువో. అందుకేగా య, మ, త, ర, జ, భ, న, స అని ఎనిమిది గణాలొచ్చాయి! ఈ నిజం-అబద్ధాల లెక్కలకి బూలియన్ ఆల్జీబ్రా అని పేరుంది. ఎవరీ బూల్ అని వెతికి చదివాను. మర్నాడు పిల్లని వంటింట్లో పక్కన కూర్చోబెట్టుకుని ఆయన కథ చెప్పాను. అదే మీకూ చెబుతున్నాను.

జార్జ్ బూల్ 1815 నవంబరు 2న ఇంగ్లండులోని లింకన్ అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి బూట్లు కుట్టేవాడు. ఆ తండ్రికి పనికంటే టెలిస్కోపులు తయారుచేయడం మీదే మోజు. ఇంకేం, వ్యాపారం దెబ్బతింది. పదహారేళ్ళకే జార్జ్ బడిపంతులై ఇంటి బరువు నెత్తికెత్తుకోవలసి వచ్చింది. పంతొమ్మిదో ఏట సొంతంగా బడి పెట్టాడు. కాలేజీ గడప తొక్కలేదు. పగలు పిల్లలకి పాఠాలు చెప్పి, తీరిక దొరికినప్పుడల్లా లెక్కల పుస్తకాలు తనంతట తనే చదువుకున్నాడు. అలా చదివినవాడికే 1844లో రాయల్ సొసైటీ పతకం ఇచ్చింది. 1849లో ఐర్లండులోని కార్క్‌లో క్వీన్స్ కాలేజీ, డిగ్రీ లేని ఈయన్ని పిలిచి లెక్కల ప్రొఫెసరుని చేసింది.

ఆయన కనిపెట్టిందేమిటంటే, మనిషి ఆలోచనని కూడా లెక్కలాగా రాయవచ్చని. 1854లో ఆ సంగతంతా ఒక పెద్ద పుస్తకంగా వేశాడు. మనకి తెలిసిన మామిడికాయలతోనే చెబుతాను. బుట్టలోంచి తోతాపురి కాయలన్నీ ఏరి కుప్ప పోయండి. ఆ కుప్పలోంచి మళ్ళీ తోతాపురి కాయలే ఏరండి. అదే కుప్ప వస్తుంది కదా! అంటే ఒకదాన్ని దానితోనే హెచ్చిస్తే అదే వచ్చిందన్నమాట. అంకెల్లో ఇలా జరిగేది రెండింటికే, సున్నాకీ ఒకటికీ. అన్నీ అనుకుంటే ఒకటి, ఏమీ లేకపోతే సున్నా.

1855లో ఆయన మేరీ ఎవరెస్ట్‌ని పెళ్ళాడాడు. మన దేశంలో సర్వేయర్ జనరల్‌గా పనిచేసిన జార్జ్ ఎవరెస్ట్ సోదరుడి కూతురు ఆమె. ఆయన పేరే హిమాలయ శిఖరానికి పెట్టారు. వరసగా ఐదుగురూ ఆడపిల్లలే పుట్టారు. 1864 నవంబరులో ఒకనాడు బూల్ జోరువానలో నడిచి కాలేజీకి వెళ్ళి, తడిబట్టలతోనే పాఠం చెప్పాడు. జబ్బు చేసింది. డిసెంబరు 8న కన్నుమూశాడు. నలభై తొమ్మిదేళ్ళకే.

ముప్ఫై రెండేళ్ళ మేరీ, చంకలో ఏడాది నిండని పసిపిల్ల. ఆమె లండన్ చేరి, ఆడపిల్లల క్వీన్స్ కాలేజీలో లైబ్రేరియన్‌గా కుదిరింది. పిల్లలకి లెక్కలంటే భయం పోగొట్టడానికి అట్టముక్కలకి చిల్లులు పొడిచి దారంతో కుట్టించేది. తిన్నగా లాగిన దారాల్లోంచే వంపు గీత పుట్టేది. మనం కుట్టుపని అంటామే, ఆమె దాన్నే లెక్కల పాఠం చేసింది. ఆ ఇంటి పిల్లల్లో అలీషియా యూనివర్సిటీకి వెళ్ళకుండానే, కంటికి కనబడని నాలుగు కొలతల ఆకారాలకి అట్టతో నమూనాలు చేసింది. 1914లో గ్రోనింగెన్ యూనివర్సిటీ ఆమెకి గౌరవ డాక్టరేటు ఇచ్చింది. లూసీ రసాయన శాస్త్రం చదివింది. ఆఖరి పిల్ల ఎథెల్ రాసిన గాడ్‌ఫ్లై నవల రష్యాలో లక్షలమంది చదివారు.

బూల్ పోయిన డెబ్బై మూడేళ్ళకి, 1937లో, క్లాడ్ షానన్ అనే ఇరవై ఒక్కేళ్ళ అమెరికా కుర్రాడు ఈ లెక్కని కరెంటు స్విచ్చులకి అతికించి చూపాడు. మన మిక్సీ తిరగాలంటే మెయినూ వేసి ఉండాలి, ప్లగ్గు దగ్గర స్విచ్చూ వేయాలి. ఇది ‘మరియు’. తొట్టి నిండాలంటే పంచాయతీ కొళాయి అయినా రావాలి, బోరు మోటారైనా వేయాలి. ఇది ‘లేదా’. కంప్యూటర్ లోపల కోట్లకొద్దీ స్విచ్చులు చేసే పని ఇదే. దాన్నే పిల్లలు ఈ పేపరులో చదువుతారు.

కథ అయ్యేసరికి మా అమ్మాయి బూల్‌ని వదిలేసి మేరీ గురించే అడగడం మొదలుపెట్టింది. ఆ సాయంత్రం నా పాత కుట్టుదారాల డబ్బా తీసి, అట్టకి చిల్లులు పొడిచింది. మూడో రోజున పుస్తకం తీసింది. గణాలు నేను అప్పజెప్పాను, వరసలు అది వేసింది. ఇద్దరికీ సరిపోయాయి.

సప్లిమెంటరీకి ఫీజు కట్టాం. పాసవుతుందో లేదో నేను చెప్పలేను. సంబంధాల మాట మాత్రం ఈయన కూడా వద్దన్నారు. అత్తయ్య ఇంకా సణుగుతూనే ఉంది. పిల్ల పేపరు తప్పితే ఒక పేపరే తప్పిందనుకోవాలి గానీ, దాని చదువుకే సున్నా చుట్టేస్తే ఎలా?