వైద్యశాస్త్రంలో నిలిచిన తెలుగు పేరు – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

సర్వీసులో ఉన్నంతకాలం ఎం.ఐ. రూమ్ గడప తొక్కనివారు మనలో ఎవరూ ఉండరు. అక్కడ డాక్టర్లు మాట్లాడుకునే మాటల్లో చాలావరకు మనుషుల పేర్లే వినబడతాయి. చేతులు వణికే జబ్బు పార్కిన్సన్, మతిమరుపు జబ్బు అల్జీమర్, కుష్ఠుకు హాన్సెన్ వ్యాధి. ఒక జబ్బును గాని, ఒక పరీక్షను గాని మొదట వివరించిన వారి పేరే దానికి పెట్టడం వైద్యుల ఆనవాయితీ. కాలా ఆజార్ జ్వరంలో మైక్రోస్కోపు కింద కనబడే క్రిములకు లీష్మన్-డోనోవన్ బాడీలు అని పేరు. 1903లో వాటి గురించి రాసిన ఆ ఇద్దరూ మనలాగే యూనిఫారం వేసినవాళ్ళు. లీష్మన్ బ్రిటిష్ ఆర్మీ డాక్టరు, డోనోవన్ మద్రాసులో పనిచేసిన ఇండియన్ మెడికల్ సర్వీసు అధికారి.

మరి ఈ వరుసలో మన తెలుగువాడి పేరు ఉందా? ఉంది. దాని పేరు ఫిస్కే-సుబ్బారావు పద్ధతి. ఆ సుబ్బారావు మన భీమవరం సుబ్బారావే.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న పశ్చిమ గోదావరి జిల్లా భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఏడుగురు పిల్లల్లో ఈయన నాలుగోవాడు. తండ్రికి ఆరోగ్యం చెడి ఉద్యోగం వదులుకోవడంతో ఇల్లు గడవడమే కష్టమయ్యింది. చదువు మీద కూడా మొదట్లో మనసు లేదు. పదమూడేళ్ళ వయసులో కాశీ వెళ్ళి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదిద్దామని ఇంట్లోంచి బయలుదేరితే తల్లి పట్టి వెనక్కి తెచ్చింది. మెట్రిక్ మూడో ప్రయత్నంలో గాని పాసవలేదు. తరువాత రామకృష్ణ మఠంలో చేరి సన్యాసం తీసుకుంటానంటే తల్లి ఒప్పుకోలేదు. చివరకు మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు.

అక్కడ గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టి ఆపరేషన్ థియేటర్‌కు వెళ్ళారు. తెల్లదొర ప్రొఫెసరుకు అది కోపం తెప్పించింది. పరీక్షలు బాగా రాసినా ఎం.బి.బి.ఎస్. ఇవ్వకుండా అంతకంటే తక్కువైన ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్టుతో సరిపెట్టారు. ఆ దెబ్బతో ప్రభుత్వ వైద్య ఉద్యోగం అందలేదు. మద్రాసు ఆయుర్వేద కాలేజీలో శరీర నిర్మాణశాస్త్రం చెప్పుకుంటూ గడిపారు.

ఇంతలో పెద్ద దుఃఖం వచ్చింది. స్ప్రూ అనే జబ్బుతో ఇద్దరు సోదరులు కొద్ది రోజుల తేడాలో పోయారు. తిన్నది ఒంటికి పట్టక, విరేచనాలతో, రక్తం తగ్గి మనిషి చిక్కి శల్యమైపోయే జబ్బు అది. అప్పట్లో ఇంగ్లీషు వైద్యంలో దానికి మందు లేదు. తరువాత సుబ్బారావు గారికే ఆ జబ్బు వస్తే ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి గారు నయం చేసారు. ఈ జబ్బుల మూలం ఏమిటో కనిపెట్టాలనే పట్టుదల అప్పటినుంచే ఆయనలో పెరిగింది.

మామగారి సాయంతో, దాతల విరాళాలతో 1920ల మొదట్లో అమెరికాలోని బోస్టన్ చేరారు. చేతిలో డబ్బు లేదు. హార్వర్డ్‌లో చదువుతూ, పొట్టకూటికి ఆసుపత్రిలో రోగుల బెడ్‌పాన్‌లు కడిగే పని చేసారు. అక్కడే సైరస్ ఫిస్కే అనే ప్రొఫెసరు దగ్గర పరిశోధనలో కుదిరారు. రక్తంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి 1925లో ప్రకటించారు. మందు కలిపితే నమూనా నీలం రంగుకు వస్తుంది. రంగు ఎంత ముదిరితే భాస్వరం అంత ఎక్కువ. అదే ఫిస్కే-సుబ్బారావు పద్ధతి. ఎన్నో దేశాల లాబొరేటరీలలో దశాబ్దాలపాటు దాన్నే వాడారు.

ఈ కొలత చేతికి వచ్చాక కండరాల రహస్యం బయటపడింది. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఎ.టి.పి. అనే పదార్థాలను ఇద్దరూ లోకానికి చెప్పారు. అదే సమయంలో జర్మనీలో లోమన్ కూడా ఎ.టి.పి.ని విడిగా కనిపెట్టారు. మనం బి.పి.ఈ.టి.లో 60 మీటర్ల పరుగు తీసినప్పుడు ఆ కొద్ది సెకన్లూ కండరాలకు ముఖ్యంగా బలం ఇచ్చేది కండలో నిల్వ ఉన్న ఈ పదార్థాలే. 5 కిలోమీటర్ల పరుగుకు ఆ నిల్వ చాలదు, ఊపిరి మీద ఆధారపడవలసిందే.

ఇంత చేసినా హార్వర్డ్‌లో ఆయనకు పర్మనెంటు పోస్టు దొరకలేదు. ఆయన వేరుచేసిన కొన్ని పదార్థాలు ఆ రోజుల్లో వెలుగులోకి రాలేదని, ఏళ్ళ తరువాత వేరేవాళ్ళు మళ్ళీ కనిపెట్టవలసి వచ్చిందని 1988లో నోబెల్ పొందిన హిచింగ్స్ చెప్పారు.

1940లో ఆయన లెడర్లీ కంపెనీలో చేరి, రెండేళ్ళలో పరిశోధన విభాగానికి డైరెక్టర్ అయ్యారు. అసలు పని అక్కడే జరిగింది. బొంబాయి గర్భిణీ స్త్రీల రక్తహీనతకు ఈస్టు సారం పనిచేస్తుందని లూసీ విల్స్ అనే డాక్టరు 1931లో రాసారు. అందులోని పదార్థానికి విల్స్ ఫ్యాక్టర్ అని ఆమె పేరే పెట్టారు. అదే ఫోలిక్ యాసిడ్ అని తేలింది. 1945లో సుబ్బారావు బృందం దాన్ని లాబొరేటరీలో తయారుచేసింది. స్ప్రూ జబ్బుకు కూడా అది పనిచేసింది. తమ్ముణ్ణీ అన్ననూ తీసుకుపోయిన జబ్బుకు పాతికేళ్ళ తరువాత ఆయన చేతి మందే విరుగుడయ్యింది.

రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవుల్లో అమెరికా సైనికులు వేలమంది ఫైలేరియా బారినపడ్డారు. దానికోసం వెతికితే హెట్రజాన్ దొరికింది, 1947లో ప్రకటించారు. ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే మందులు కూడా ఆయన బృందమే తయారుచేసింది. వాటితో బోస్టన్ డాక్టరు సిడ్నీ ఫార్బర్ 1948లో బ్లడ్ క్యాన్సర్ పిల్లలకు కొంతకాలమైనా ఊరట తెచ్చారు. ఆ కోవలోని మెథోట్రెక్సేట్‌ను నేటికీ క్యాన్సర్‌కు, కీళ్ళవాతానికి ఇస్తున్నారు. ఆయన విభాగంలోనే డగ్గర్ అనే పెద్దాయన ఆరియోమైసిన్ కనిపెట్టారు. టెట్రాసైక్లిన్ మందుల్లో అదే మొదటిది. 1994లో సూరత్‌లో ప్లేగు భయం పుట్టినప్పుడు జనం మందుల షాపుల ముందు క్యూ కట్టింది ఈ జాతి మందు కోసమే.

1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే, నిద్రలో గుండె ఆగి ఆయన కన్నుమూసారు. దేశం విడిచాక మళ్ళీ సొంత ఊరు చూడలేదు. ఇంట్లో ఎదురుచూస్తున్న భార్య శేషగిరి గారిని కూడా చూడలేదు. 1953లో ఒక బూజు జాతికి సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు. 1995లో శతజయంతికి మన తపాలాశాఖ స్టాంపు వేసింది.

మన భిలాయికి ఆయనతో ఏం సంబంధం అని కొందరికి అనిపించవచ్చు. ఉక్కు కర్మాగారం కట్టే రోజుల్లో శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చిన కుటుంబాలు ఇక్కడ ఎన్నో ఉన్నాయి. మన కోస్తాలో బోదకాలు ఎంత బాధ పెట్టిందో పెద్దలకు తెలుసు. ఊళ్ళల్లో ఇంటింటికీ పంచిన డి.ఇ.సి. మాత్ర ఆయన హెట్రజానే. ఈ ఛత్తీస్‌గఢ్‌లో సికిల్ సెల్ జబ్బు ఎక్కువ. ఆ పిల్లలకు రోజూ వేసే చిన్న పసుపు మాత్ర ఫోలిక్ యాసిడే.

ఆ మాత్రల మీద ఆయన పేరు లేదు. పేరు నిలిచిన పరీక్ష లాబొరేటరీ వాళ్ళకు తప్ప మనకు తెలియదు. గట్టు మీద పేరు చెక్కని సైనికుడు కూడా యుద్ధం గెలిపించినవాడే అని మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఈసారి మీ పిల్లలకు ఆ పసుపు మాత్ర ఇచ్చేటప్పుడు భీమవరం సుబ్బారావు గారి కథ కూడా చెప్పండి. మెట్రిక్ రెండుసార్లు తప్పిన సంగతి కూడా దాచకుండా చెప్పండి. పరీక్ష తప్పి దిగాలుగా కూర్చున్న పిల్లవాడికి అది కూడా మందే.

జై హింద్.