హంగరీ ప్రధాని ఇమ్రె నాజ్

మధ్య యూరపులో డాన్యూబు నది నడుమగా పారెడి చిన్న దేశము హంగరీ. ఆ దేశపు నైరుతి భాగమున కపోష్వార్ పట్టణమున 1896 జూన్ 7వ తేదీన ఇమ్రె నాజ్ ఒక పేద కుటుంబమున జన్మించెను. పూర్వులు వ్యవసాయదారులు. చదువు నడుమనే నిలిచిపోగా, తాళములు చేయు పనివానివద్ద చేరి ఆ పని నేర్చెను. మొదటి ప్రపంచయుద్ధమున సైనికుడుగా పోయి, 1916లో రష్యనులకు చిక్కి, సైబీరియాలో బందీగా నుండెను. అచ్చటనే రష్యా విప్లవమును కన్నులార చూచి కమ్యూనిస్టు అయ్యెను.

1921లో స్వదేశమునకు మరలివచ్చిన నాజ్ 1930లో తిరిగి మాస్కో చేరి, పదునాలుగేండ్లు అక్కడనే వ్యవసాయ విషయముల పరిశోధనలో గడపెను. స్టాలిను కాలమున అక్కడి ప్రవాసులు పలువురు నశించిరి, నాజ్ బ్రదికెను. ఆ రోజులలో తోటి ప్రవాసులనుగూర్చి ఆయన సోవియట్ రహస్య పోలీసులకు సమాచార మందించెనని చూపు పత్రములు 1989లో మాస్కోనుండి హంగరీకి చేరినవి. గొప్పవాని చరిత్ర వ్రాయునపుడు ఇట్టి మచ్చను దాచుట న్యాయము కాదు.

1944 చివర సోవియట్ సేనల వెంట హంగరీలో నెలకొన్న తాత్కాలిక ప్రభుత్వమున ఆయన వ్యవసాయమంత్రి అయ్యెను. 1945 మార్చిలో పెద్ద భూస్వాముల ఎస్టేటులను విభజించి 6 లక్షలకు పైగా కుటుంబములకు పంచిపెట్టిన శాసనము ఆయన చేతిమీదుగనే వెలువడెను. నాటినుండి పల్లెప్రజలు ఆయనను భూమి నిచ్చిన మంత్రిగా ఎరిగిరి. కాని ఇచ్చిన భూమిని మరల బలవంతముగా సమష్టి క్షేత్రములలో కలుపుటకు పార్టీనాయకుడు రాకోషీ పూనుకొనినపుడు, అంత త్వరపడరాదని వాదించి 1949లో పార్టీ కార్యవర్గమునుండి తొలగింపబడెను.

1953 మార్చిలో స్టాలిను మరణించెను. హంగరీలో కరవు, భయము మితిమీరినవని గ్రహించిన మాస్కో నాయకులు రాకోషీని పిలిపించి మందలించి, ప్రధాని పదవిని నాజ్‌కు ఇప్పించిరి. తరువాత ఆయనను కూలద్రోసిన మాస్కోయే మొదట ఆయనను గద్దె నెక్కించినదని మరువరాదు. జూలైలో పదవి స్వీకరించిన నాజ్ నిర్బంధ శిబిరములను మూయించెను. సమష్టి క్షేత్రములను విడిచిపోవ గోరిన రైతులకు అనుమతి నిచ్చెను. ఈ సంస్కరణలు రెండేండ్లయినను సాగలేదు. రాకోషీ పన్నాగమున 1955 ఏప్రిలులో పదవియు, ఆ సంవత్సరము ముగియకమునుపే పార్టీ సభ్యత్వమును పోయెను.

ఇంట కూర్చున్న ఆ కాలముననే నాజ్ తన వాదమును వ్యాసములుగా వ్రాసియుంచెను. వానిలో ఒకటి మన మెరిగిన పంచశీలనుగూర్చినది. 1954లో భారత చైనాల ఒప్పందమున చోటుచేసికొన్న ఆ అయిదు సూత్రములు సోషలిస్టు రాజ్యముల నడుమగూడ చెల్లవలెననియు, చిన్న దేశము పెద్ద దేశమునకు దాసి కానక్కరలేదనియు ఆయన అందు వాదించెను. మాస్కోలో పెరిగిన కమ్యూనిస్టు ఢిల్లీ మాటను ఆధారము చేసికొనుట వింతయే.

1956 అక్టోబరు 23వ తేదీ సాయంకాలము బుడాపెస్టు వీధులు జనముతో నిండిపోయెను. విద్యార్థులు మొదలిడిన ఊరేగింపు పార్లమెంటు చౌకునకు చేరి నాజ్ రావలెనని పట్టుబట్టెను. ఆయన వచ్చి, అలవాటుచొప్పున కామ్రేడ్లారా యని సంబోధింపగా జనము ఈలలు వేసి నిరసించెను. ఇండ్లకు పోవలసినదని చెప్పి, జాతీయగీతము పాడించి ఆయన వెడలిపోయెను. దేశము ఆయనకంటె ముందు నడచుచుండెను. మరునాడు ఆయన మరల ప్రధాని అయ్యెను; ఆ తెల్లవారుజాముననే సోవియట్ టాంకులు నగరమున ప్రవేశించెను. వానిని పిలిచినది ఆయనయే యని ప్రజలు అనుమానించిరి. మొదటి నాలుగుదినములు ఆయన పార్టీ కార్యాలయము విడువక, ఎటూ తేల్చుకొనలేక యుండెను.

28వ తేదీన మాత్రము ఆయన మనసు తేల్చుకొనెను. కాల్పులు నిలుపుదల చేయించి, ఆ తిరుగుబాటు జాతీయోద్యమమని ఒప్పుకొనెను. 30వ తేదీన ఏకపార్టీ పాలన ముగిసెనని ప్రకటించెను. నవంబరు 1వ తేదీన కొత్త సోవియట్ సేనలు సరిహద్దు దాటుచున్నవని తెలిసి, రాయబారి ఆంద్రొపోవును నిలదీసి, సరియైన సమాధానము లభింపక, హంగరీ వార్సా కూటమిని విడిచినదనియు తటస్థ దేశమనియు ప్రకటించి ఐక్యరాజ్యసమితి సహాయము కోరెను. హైదరాబాదున ఆంధ్రప్రదేశ్ అవతరణోత్సవము జరిగిన దినమే అది. ఆ నిర్ణయమును సమర్థించిన యానోష్ కాదార్ అను సహచరుడు ఆ రాత్రియే మాయమై, సోవియట్ పక్షమున చేరెను.

4వ తేదీ వేకువజామున దాడి ఆరంభమయ్యెను. నాజ్ రేడియోలో ఆ వార్తను ప్రపంచమునకు తెలిపి యుగోస్లావియా రాయబార కార్యాలయమున తలదాచుకొనెను. ప్రపంచము చూపు అప్పుడు సూయజ్ కాలువపై నుండెను. బ్రిటన్, ఫ్రాన్సు, ఇజ్రాయేలు ఈజిప్టుపై పడినవి. ఆ యుద్ధమును నిర్మొగమాటముగా ఖండించిన మన ప్రభుత్వము హంగరీ విషయమున మొదట తడబడెను. నవంబరు 4వ తేదీ తీర్మానముపై ఓటు వేయక యూరకుండెను. సమితి పర్యవేక్షణలో ఎన్నికలు కోరిన 9వ తేదీ తీర్మానమునకు వ్యతిరేకముగా ఓటు వేసెను. జయప్రకాశ్ నారాయణ్ దీనిని బహిరంగముగా విమర్శించెను. పంచశీలను నమ్మి వ్రాసిన మనిషికి ఆ పుట్టినింటినుండి అందిన తోడ్పాటు ఇంతమాత్రమే. పోరాటమున సుమారు 2,500 మంది హంగేరియనులు చనిపోయిరి. దాదాపు 2 లక్షల మంది దేశము విడిచిరి.

కాదార్ ప్రభుత్వమునకు నాజ్ రాజీనామా ఎంతయో అవసరము. ఆయన రాజీనామా ఇచ్చినచో టాంకులపై వచ్చిన ప్రభుత్వము చట్టబద్ధమగును. ఇయ్యనంతకాలము న్యాయముగా ప్రధాని ఆయనయే. నాజ్ ఇయ్యలేదు. ఎట్టి హానియు కలుగదని కాదార్ వ్రాతమూలకముగా హామీ నిచ్చినమీదట నవంబరు 22వ తేదీన ఆయన, అనుచరులు, ఆడవారు, పిల్లలు బస్సు ఎక్కిరి. ఆ బస్సును సోవియట్ అధికారులు పట్టుకొని దారి మరల్చిరి. రుమేనియాలో స్నాగోవ్ అనుచోట కొన్ని నెలలు నిర్బంధములో నుంచి, 1957 ఏప్రిలులో బుడాపెస్టు జైలునకు తెచ్చిరి.

1958 జూన్‌లో తలుపులు మూసి విచారణ జరిపిరి. నాజ్ నేర మంగీకరింపలేదు. క్షమాభిక్ష కోర నిరాకరించెను. జూన్ 16వ తేదీ ఉదయమున ఆయనను, రక్షణమంత్రి పాల్ మలేతర్‌ను, పత్రికారచయిత మిక్లోష్ గిమేష్‌ను ఉరితీసిరి. శవములను మొదట జైలు ఆవరణలో పాతిరి. 1961లో వానిని నగరశ్మశానమున 301వ భాగమునకు మార్చినపుడు నాజ్ దేహమును తారుకాగితమున చుట్టి, తీగతో బిగించి, బోర్లా పడుకోబెట్టి, మారుపేరుతో నమోదు చేసిరి.

1989 జూన్ 16వ తేదీన, ఉరితీసిన సరిగా 31 సంవత్సరములకు, బుడాపెస్టు వీరుల చౌకులో ఆరు శవపేటికలు నిలిపిరి. ఆరవది ఖాళీ, పేరు తెలియని మృతులకై అది. లక్షలాది ప్రజలు వచ్చిరి. జూలై 6వ తేదీన అత్యున్నత న్యాయస్థానము నాజ్‌పై తీర్పును రద్దుచేసెను. వృద్ధుడై పదవి కోల్పోయిన కాదార్ ఆ దినముననే మరణించెను.

పార్లమెంటుకు సమీపమున చిన్న వంతెనపై నిలచి అటు చూచుచున్నట్లు మలచిన నాజ్ విగ్రహము 1996లో వెలసెను. 2018 డిసెంబరులో దానిని అచ్చటనుండి తీసి, డాన్యూబు ఒడ్డుననున్న వేరొక చౌకునకు మార్చిరి.