అప్పుల చెర విప్పిన సంగీతసభ

క్రిస్మస్ దగ్గర పడిందంటే గుత్తిలో, చుట్టుపక్కల సంఘాల్లో క్వాయర్ సాధన మొదలవుతుంది. హల్లెలూయ కోరస్ పేరు వినని విశ్వాసి అరుదు. అయితే మనం దాన్ని క్యాసెట్లో విన్నాం, సీడీలో విన్నాం, ఇప్పుడు ఫోన్లో వింటున్నాం. మన వైపు ఆర్కెస్ట్రా అంటే సినిమా పాటల స్టేజి ప్రోగ్రామే గుర్తొస్తుంది. వయొలిన్లు, ట్రంపెట్లు, భేరీలు, గాయకులు ఒక్క ఊపిరిగా పలికే సభలో కూర్చునే భాగ్యం మనలో చాలామందికి దక్కలేదు. ఆ సంగీతం కూర్చిన జార్జ్ ఫ్రెడరిక్ హాండెల్ జీవితం మాత్రం కరువునూ అప్పునూ ఎరిగిన మన సీమవాసులకు దూరమైనది కాదు.

ఆయన 1685 ఫిబ్రవరి 23న జర్మనీలోని హాలె పట్టణంలో పుట్టాడు. కొడుకు లాయరు కావాలని తండ్రి పట్టుబట్టాడు. కొడుకు మనసు సంగీతం మీదనే ఉంది. ఇటలీ వెళ్లి, తర్వాత లండన్‌లో స్థిరపడి, ఒపేరాలతో గొప్ప పేరు తెచ్చుకున్నాడు. పేరు వచ్చినంత తేలిగ్గా నిలవలేదు. ప్రేక్షకులు తగ్గారు, నష్టాలొచ్చాయి. 1737లో జబ్బుచేసి కుడిచేయి పడిపోయింది. వేడినీటి ఊటల చికిత్సతో కోలుకున్నాడు గానీ, 1741 నాటికి ఆయన ఒపేరాలు చూసేవారే కరువయ్యారు.

ఆ రోజుల్లోనే చార్లెస్ జెన్నెన్స్ అనే మిత్రుడు బైబిలు వాక్యాలనే ఏర్చి కూర్చిన మెస్సయా రచన ఆయన చేతికొచ్చింది. ఆగస్టు 22న మొదలుపెట్టి సెప్టెంబరు 14కల్లా, అంటే 24 రోజుల్లో, సంగీతం పూర్తిచేశాడు.

తొలి ప్రదర్శన లండన్‌లో కాదు, ఐర్లాండులోని డబ్లిన్‌లో, 1742 ఏప్రిల్ 13న జరిగింది. హాలులో చోటు చాలదని స్త్రీలు వెడల్పాటి వలయాల గౌన్లు, పురుషులు కత్తులు లేకుండా రావాలని ముందే ప్రకటించారు. సుమారు 700 మంది వచ్చారు. ఆ సభలో వారు అనుభవించినది మన ఫోన్లలో దొరకదు. దూతల గీతం దగ్గర ట్రంపెట్లు దూరం నుంచి వచ్చినట్టు మెల్లగా పలకాలని హాండెల్ రాసుకున్నాడు. రెండో భాగం చివర హల్లెలూయ వచ్చేదాకా భేరీలు వాయించే మనిషి మౌనంగా కూర్చోవాల్సిందే. కళ్లెదుట అంతసేపు ఊరకున్న భేరి ఒక్కసారిగా మోగితే ఆ ఆనందమే వేరు. (హల్లెలూయకు రాజు లేచి నిలబడ్డాడన్న కథకు ఆనాటి సాక్ష్యం లేదు. నిలబడే ఆచారం మాత్రం ఈనాటికీ ఉంది.)

ఆ రోజుల్లో అప్పు తీర్చలేనివాణ్ని జైల్లో వేసేవారు. జైల్లో ఉన్నవాడు సంపాదించలేడు, సంపాదించనిదే విడుదల లేదు. శెనక్కాయ పంట ఎండిన ఏడు వడ్డీ లెక్క చూసుకున్న రైతుకు ఈ చిక్కుముడి విడమర్చి చెప్పనక్కర్లేదు. డబ్లిన్ సభకు వచ్చిన సుమారు 400 పౌండ్లను ఖైదీలకు, రెండు ఆసుపత్రులకు పంచారు. అప్పుల కింద చెరపడిన 142 మంది బయటికి నడిచి ఇళ్లకు వెళ్లారు. వారిలో ఎంతమంది ఆ సంగీతం విన్నారు? బహుశా ఒక్కరూ విని ఉండరు.

1750 నుంచి లండన్‌లోని అనాథ శిశువుల ఆశ్రమం కోసం హాండెల్ ఏటేటా మెస్సయా ప్రదర్శనలు ఇచ్చాడు. కొన్నాళ్లకు చూపు పోయింది. చూపు లేకపోయినా సభలు మానలేదు. 1759 ఏప్రిల్ 6న ఆఖరిసారిగా మెస్సయా ప్రదర్శనకు వచ్చి, ఎనిమిది రోజులకు ఏప్రిల్ 14న కన్నుమూశాడు. వెస్ట్‌మినిస్టర్ ఆబేలో సమాధి చేసిన సాయంత్రం సుమారు 3,000 మంది వచ్చారంటారు. వీలునామాలో కష్టాల్లో ఉన్న సంగీతకారుల సంఘానికి 1,000 పౌండ్లు రాశాడు. అనాథ శిశువుల ఆశ్రమానికి మెస్సయా శుద్ధప్రతినీ, దాంతోపాటు వాద్యకారులూ గాయకులూ ఎవరిది వారు చూసుకుని పాడి వాయించడానికి కావలసిన విడి ప్రతులన్నిటినీ ఇచ్చిపోయాడు.