ఫిడేలు నాయుడుగారు

శ్రీ ద్వారము వేంకటస్వామినాయుడుగారు 1893 నవంబరు 8వ తేదీన బెంగుళూరున జన్మించి విశాఖపట్టణమున పెరిగిరి. బాల్యముననే దృష్టిమాంద్యము కలుగుటచే బడిచదువు సాగదయ్యెను. అట్టి బిడ్డలను ఇంటిమూలకు విడుచుట లోకరీతి, మనలోను లేకపోలేదు. అన్నగారగు వేంకటకృష్ణయ్యగారు మాత్రము తమ్ముని చేతికి ఫిడేలునిచ్చి తామే గురువైరి. ఈ యన్నగారిని తలచువారు నేడు అరుదు.

1919లో విజయనగర సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరబోయిన యీ 26 ఏండ్ల యువకుని వాదనమును విన్నవారు ఆయనను ఆచార్యునిగనే నియమించిరి. అచ్చట చెవులే తీర్పరులైనవి! నెల్లూరు తీరమున మన సంఘ మొసగు విద్యార్థివేతనములకై చూపు మందగించిన బిడ్డలు, కాలు చచ్చుబడిన బిడ్డలు ఎందరు దరఖాస్తు పెట్టుచున్నారో పోషకమహాశయులు విచారింప ప్రార్థితులు.

1936లో ఆదిభట్ల నారాయణదాసుగారి యనంతరము నాయుడుగారు కళాశాలాధ్యక్షులైరి. గాయకుని ప్రక్కన అణగియుండు ఫిడేలును ఒంటిగా సభనేలునట్లు చేసిరి. పాశ్చాత్య వాదనరీతులను గూడ శ్రద్ధతో పరిశీలించిరి. 1941లో మదరాసు సంగీత విద్వత్సభవారి సంగీతకళానిధి బిరుదమును, 1957లో పద్మశ్రీయు లభించెను. 1964 నవంబరు 25న దివంగతులైరి. 1993లో భారత తపాలాశాఖవారు ఆయన చిత్రముతో బిళ్ళను వెలువరించిరి.