హీరో కాని మహానటుడు ఎస్.వి. రంగారావు

మన స్వర్ణోత్సవ సంచికకు ఒక ప్రముఖుని జీవితం గురించి రాయమని సంఘం మిత్రులు అడిగినప్పుడు నాకు మొదట తోచిన పేరు సామర్ల వెంకట రంగారావుగారిది. ఆయన మన బడిలో చదవలేదు. అయినా మనలో ఆయన్ను ఎరగనివారు లేరు. పెద్ద బ్యాచ్‌ల వాళ్ళం టూరింగ్ టాకీసు నేలక్లాసులో కూర్చుని చూశాం, తర్వాతి వాళ్ళు టీవీలో చూశారు. ఆయన వేషాలు అందరికీ తెలుసు. వాటి వెనకనున్న మొదటి ఓటమి మాత్రం చాలామందికి తెలియదు. నేను చెప్పదలచుకున్నది దాని గురించే.

ఆయన 1918 జూలై 3న కృష్ణా జిల్లా నూజివీడులో పుట్టారు. కాకినాడలో బి.ఎస్సీ. చదువుతూ అక్కడి యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాల్లో వేషాలు వేశారు. ఆ క్లబ్బులోనే అంజలీదేవి, ఆదినారాయణరావు, బి.ఏ. సుబ్బారావు వంటివారు పరిచయమయ్యారు. చదువయ్యాక అగ్నిమాపక శాఖలో ఉద్యోగం వచ్చింది. బందరులోనూ విజయనగరంలోనూ పనిచేశారు. చక్కటి ఉద్యోగమే. కానీ మనసు రంగస్థలం మీదే ఉండడంతో దాన్ని వదిలేశారు.

బంధువైన బి.వి. రామానందంగారు తీసిన వరూధిని చిత్రంలో ఆయనకు ఏకంగా కథానాయకుడి వేషం దొరికింది. ప్రవరాఖ్యుడు! 1947లో ఆ సినిమా వచ్చింది, వచ్చినంత వేగంగానే పోయింది. మళ్ళీ పిలిచినవారు లేరు. ఉన్న ఉద్యోగం వదులుకున్న మనిషి, చేతిలో వేషం లేదు. చివరికి జంషెడ్‌పూర్ వెళ్ళి టాటా సంస్థలో ఉద్యోగంలో చేరారు. ఆ ఏడాది చివర్లోనే లీలావతిగారితో పెళ్ళయింది. సంసారం, నెల జీతం. అక్కడితో కథ ముగిసిందనే ఎవరైనా అనుకుంటారు.

కాకినాడ స్నేహితుడు బి.ఏ. సుబ్బారావుగారు పల్లెటూరి పిల్ల తీస్తూ అందులో కంపనదొర అనే ప్రతినాయకుడి వేషానికి కబురు పెట్టారు. సరిగ్గా అప్పుడే రంగారావుగారి తండ్రి కన్నుమూశారు. కర్మకాండలు ముగించుకుని మద్రాసు చేరేసరికి ఆ వేషం ఏ.వి. సుబ్బారావుగారికి వెళ్ళిపోయింది. ఒకసారి నాయకుడిగా ఓడిపోయి, రెండోసారి చేతికందిన వేషం పోగొట్టుకున్న మనిషి ఏం చేయాలి? తిరుగు రైలు ఎక్కినా తప్పుపట్టేవారు లేరు. ఆయన ఎక్కలేదు. ఆ సినిమాలోనే చిన్న వేషం ఇస్తే వేశారు. మనదేశంలోనూ చిన్న వేషమే.

1950లో విజయా సంస్థ తొలి చిత్రం షావుకారు వచ్చింది. ఎల్.వి. ప్రసాద్‌గారు దర్శకులు. అందులో సున్నం రంగడనే రౌడీ వేషం రంగారావుగారికి దక్కింది. మరుసటి ఏడాదే కె.వి. రెడ్డిగారి పాతాళభైరవి. నాయకుడు తోటరాముడిగా ఎన్.టి. రామారావుగారు. కానీ సినిమా చూసి ఇంటికొచ్చిన పిల్లలు గొంతు మార్చి, కనుబొమలు ఎగరేసి అనుకరించింది నేపాళ మాంత్రికుణ్ణి. అప్పటికి రంగారావుగారికి ముప్పై రెండేళ్ళు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆయన రామారావుగారికంటే అయిదేళ్ళే పెద్ద. అయినా తండ్రి, మామ, జమీందారు వేషాలు ఆయనవే. మిస్సమ్మలో అప్పాపురంలో బడి నడుపుతూ టీచర్ల కోసం వెతికే జమీందారుగా కనిపించినప్పుడు ఆయనకు నిండా ముప్పై ఏడేళ్ళు లేవు. అదే 1955లో బి.ఎన్. రెడ్డిగారి బంగారుపాపలో కోటయ్యగా చేశారు. ఒక పసిపాప చేరువతో కరిగిపోయిన కఠినుడి కథ అది. మాంత్రికుడిగా జనాన్ని భయపెట్టిన ఆ కళ్ళే ఇందులో కంటతడి పెట్టించాయి.

1957 నాటి మాయాబజార్‌లో ఘటోత్కచుడి గురించి కొత్తగా చెప్పేదేముంది? పెళ్ళి విందంతా ఒక్కడే ఆరగించే ఘట్టం అందరికీ కంఠతా వచ్చు. నాకు మాత్రం ఆయన తెరమీద లేని ఘట్టాలే ఎక్కువ ఇష్టం. ఘటోత్కచుడు మాయాశశిరేఖగా మారాక కనిపించేది సావిత్రిగారు. ఆ నడకలో, ఆ చూపులో, ఆ ఠీవిలో మనకు కనిపించేది రంగారావుగారు. ఒక నటుడి తీరు మరొకరు పట్టి చూపగలిగేంత స్పష్టంగా ఉండడం ఎంత గొప్ప సంగతి!

1963లో నర్తనశాల. అర్జునుడు, బృహన్నల రామారావుగారు. కీచకుడు రంగారావుగారు. 1964లో జకార్తాలో జరిగిన ఆఫ్రో ఆసియా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది ఈ కీచకుడికి. తర్వాత దుర్యోధనుడు, హిరణ్యకశిపుడు, రావణుడు. నానుమ్ ఒరు పెణ్ వంటి చిత్రాలతో తమిళులకూ ఆప్తుడయ్యారు. చదరంగం, బాంధవ్యాలు చిత్రాలకు స్వయంగా దర్శకత్వం వహించారు. బాంధవ్యాలుకు నంది బహుమతి కూడా వచ్చింది. 1972లో దాసరి నారాయణరావుగారు తొలిసారి దర్శకత్వం వహించిన తాత మనవడులో తాత ఆయనే. 1974 జూలై 18న మద్రాసులో గుండెపోటుతో వెళ్ళిపోయారు. యాభై ఆరేళ్ళు. ఆయన నటించిన యశోదకృష్ణ మరుసటి ఏడాది విడుదలైంది.

బడిలో పనిచేసిన రోజుల్లో ఏటా వార్షికోత్సవానికి నాటకం వేయించే బాధ్యత నాకు పడేది. వేషాలు పంచే రోజు పెద్ద తగాదా. అందరికీ నాయకుడి వేషమే కావాలి. రాని పిల్లవాడు మూతి ముడుచుకుని మూల కూర్చునేవాడు. అలాంటి పిల్లల్ని పక్కకు పిలిచి రంగారావుగారి కథ చెప్పేవాణ్ణి. ప్రవరాఖ్యుణ్ణి జనం మరిచిపోయారనీ, సున్నం రంగణ్ణి గుర్తుపెట్టుకున్నారనీ చెబితే కొందరి ముఖాలు విచ్చుకునేవి.

2013లో భారతీయ సినిమా నూరేళ్ళ సందర్భంగా తపాలా శాఖ విడుదల చేసిన బిళ్ళల్లో రంగారావుగారిదీ ఉంది. బిళ్ళ చిన్నదే, మనిషి మాత్రం అందులో నిండుగా ఉన్నారు. ఇప్పుడు బడిలో ఉన్న ఉపాధ్యాయులకు నా మనవి ఒక్కటే. మొదటి పరీక్షలో తప్పిన పిల్లవాడి పేరు మీద అప్పుడే గీత గీయకండి. వాడు జంషెడ్‌పూర్ దాకా వెళ్ళి కూడా తిరిగి రావచ్చు.